కీహోల్ ఆపరేషన్ లోపల ఎట్ట చేస్తారు, మనం ముందే ఏం చూసుకోవాలి

నేను నెల్లూరులో ఓ ప్రైవేట్ ఆస్పత్రి థియేటర్లో టెక్నీషియన్ని. కందుకూరు, ఆత్మకూరు, పామూరు సైడ్ నించి వచ్చేవాళ్ళు పొద్దున్నే తలుపు దగ్గర నన్ను పట్టుకోని అడిగేది ఒకటే, "చిన్న బొక్కలే గదన్నా, సాయంత్రానికి బస్సెక్కొచ్చా?" అని. బొక్కలు చిన్నవేనబ్బా, లోపల చేసేది మాత్రం పాతకాలంలో జానెడు కోసి చేసిన ఆపరేషనే, ఏం తగ్గదు.

ముందు ఒకటి. ఎండోస్కోపీ, కీహోల్ రెండూ ఒకటనుకుంటారు చాలామంది. ఎండోస్కోపీకి కోత ఉండదు, నోట్లోంచి కెమెరా పైపు కడుపులోకి పోతాది. గొంతులో మొద్దుబారే స్ప్రే కొట్టి, ఎడమ పక్కకి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు, చూసి రావడానికి ఓ 5, 10 నిమిషాలు. కిటుకు ఏందంటే ఉమ్ము మింగబాకండి, పక్కకి కారనియ్యండి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి, ఓకారం సగం తగ్గిపోతాది. స్ప్రే మత్తు దిగిందాకా మంచినీళ్ళు కూడా వద్దు, పొలమారతాది.

ఇంక కీహోల్ అంటే పొట్టకి చిన్న బొక్కలు పెట్టి కెమెరాతో చూస్తా చేసేది. గాల్‌బ్లాడర్ (లివర్ కింద ఉండే పైత్యరసం సంచి) రాళ్ళ ఆపరేషనే చెప్తా, మా దగ్గర ఎక్కువ వచ్చేది అదే. జర్మనీలో ఎరిక్ మూహే 1985లో మొదలుపెట్టాడు, మన దేశంలో 1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియా చేశారు, అప్పుడు వింత, ఇప్పుడు రోజూ ఉండేదే.

ఆ రోజు ఆపరేషన్‌కి 6 గంటల ముందు నించి తిండి బంద్, ఉత్త మంచినీళ్ళయితే 2 గంటల ముందు దాకా మామూలుగా ఒప్పుకుంటారు, మీ మత్తు డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. ఒక పెద్దాయన "ఏం తాగలా" అని ఒట్టేసి, మీసానికి టీ మీగడ అంటించుకోని వచ్చినాడు. టీలో పాలుంటాయి గదా, అది తిండి కిందే లెక్క, మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే మోసం. ఆయన కేసు మర్నాటికి మార్చారు, కొడుకు మామీద అరిచినాడు. వాడే మాత్రలన్నీ కవర్‌తో సహా తెచ్చి చూపియ్యండి, ముఖ్యంగా ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చన చేసేవి, షుగర్ మాత్రలు. సొంతంగా ఆపబాకండి, సొంతంగా వేసుకోబాకండి. మెట్టెలు, గాజులు, తాళి ఇంట్లోనే తీసిపెట్టి రండి, లోపల కరెంటుతో కాల్చే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉండకూడదు. తాళి తియ్యమంటే ఏడ్చే ఆడోళ్ళు ఉంటారు, పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టుకోని వస్తారు, దానికి మాకేం ఇబ్బంది లేదు. ఇంకోటి, బొడ్డు! మొదటి బొక్క అక్కడే. ముందురోజు స్నానంలో బాగా కడగండి, ఏళ్ళ నాటి మట్టి నేను దూదితో తీస్తా ఉంటా.

ఇప్పుడు లోపల సంగతి. పూర్తి మత్తిచ్చి గొంతులో ట్యూబు వేసినాక, బొడ్డు దగ్గర ఓ సెంటీమీటరు కోసి, సూదితోనో గొట్టంతోనో కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు, ప్రెజర్ బీపీ కొలిచే లెక్కలో 12 నించి 15 దాకా, పళ్ళెంలాగా ఉన్న పొట్ట చూస్తుండగానే బోర్లించిన కుండలాగా లేస్తాది. ఆ గ్యాసే ఎందుకంటే అది మండదు, మిగిలింది రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతాది. తర్వాత కెమెరా. దాన్ని ముందు వేడి సెలైన్లో ముంచుతాం, లేకపోతే ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కళ్ళద్దాలు మసకేసినట్టు స్క్రీన్ అంతా తెల్లగా అయిపోద్ది. పరికరాలకి ఇంకో మూడు బొక్కలు పెట్టి, బల్లని తల వైపు పైకెత్తి ఎడమకి వంచితే పేగులన్నీ జారి పక్కకి తప్పుకుంటాయి.

డాక్టర్ మూడు అడుగుల దూరంలో ఉన్న టీవీ చూస్తా చెయ్యాలి, పైగా పరికరం పిడి ఇటు లాగితే కొస అటు పోతాది, పడవ తెడ్డు వేసినోళ్ళకి ఈ సంగతి తెలుసు. అన్నిటికన్నా టెన్షన్ ఎక్కడంటే, గాల్‌బ్లాడర్‌కి వచ్చే చిన్న గొట్టం ఒకటి, రక్తనాళం ఒకటి, ఈ రెండే అని కళ్ళకి క్లియర్‌గా కనపడిందాకా కొవ్వు తీస్తానే ఉంటారు, థియేటర్లో ఒక్కరు మాట్లాడరు. పక్కనే లివర్ నించి వచ్చే మెయిన్ పైత్యరసం గొట్టం ఉంటాది, అది తెగితే పెద్ద గొడవ. రూఢి అయినాక రెంటికీ క్లిప్పులేసి కత్తిరించి, లివర్ నించి ఊడదీసి, సంచిలో వేసి బొక్కలోంచి లాగేస్తారు.

వాపు బాగా ఉండి ఏది ఏందో తెలియకపోతే పొట్ట కోసి ఓపెన్ చేస్తారు. సంతకం పెట్టే కాగితంలో ఆ మాట ఉంటాది, చదవండి. బయటికొచ్చి "కోసినారంట" అని గోల పెట్టబాకండి, అది డాక్టర్ చేతగానితనం కాదు, జాగ్రత్త.

లేచినాక పొట్ట కన్నా భుజం నొప్పి అంటారు. గ్యాస్ వల్ల పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే పొర దగ్గర నరం గుంజుతాది, అంతే, రెండు మూడు రోజుల్లో పోతాది. సాయంత్రానికి లేపి నడిపియ్యండి. జ్వరం, కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, రోజురోజుకీ పెరిగే పొట్ట నొప్పి ఉంటే మాత్రం ఊరి ఆరెంపీ దగ్గర సెలైన్ పెట్టించుకోకుండా నేరుగా వెనక్కి రండి. నీళ్ళ బిందెలు, వడ్ల మూటలు డాక్టర్ సరేననిందాకా ఎత్తబాకండి, బొడ్డు దగ్గర పేగు తోసుకోని వస్తాది.

తీసిన గాల్‌బ్లాడర్ ముక్కని బయాప్సీకి పంపుతారు, క్యాన్సర్ ఏమన్నా ఉందేమో చూడటానికి. రాళ్ళని చిన్న సీసాలో వేసిస్తే ఊరంతా చూపించుకుంటారు గానీ ఆ రిపోర్ట్ తీసుకోవడానికి మాత్రం సగం మంది రారు.