కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ జట్టు సంపాదిస్తోంది, ఏది ఫీజుల మీద బతుకుతోంది? లెక్క చూడటం ఎలా?

మా బంధువుల అబ్బాయి అమెరికాలో ఎంఎస్‌కి చేరాడు. మొదటి సెమిస్టర్ బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, "బాబాయ్, ఈ అథ్లెటిక్స్ ఫీజేంటి? నేను క్యారమ్స్ కూడా ఆడను కదా!" అన్నాడు. చాలా యూనివర్సిటీల్లో ఆ ఫీజుకు ప్రధాన కారణం ఫుట్‌బాల్. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతి కోసం కలబడే ఆట.

ఈ ఆటలో కొన్ని కాలేజీలకు కోట్లు వచ్చి పడుతుంటే, ఎక్కువ కాలేజీలు విద్యార్థుల జేబులోంచి తీసి ఆడుతుంటాయి. మీ పిల్లల కాలేజీ ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

1. ముందు కాన్ఫరెన్స్ పేరు చూడండి

కాన్ఫరెన్స్ అంటే తమలో తాము మ్యాచ్‌లు ఆడుకుంటూ, టీవీ హక్కులు కలిసి అమ్ముకునే కొన్ని కాలేజీల గుంపు. జట్టు ఎంత బాగా ఆడుతుందన్నది తర్వాత. ఏ కాన్ఫరెన్స్‌లో ఉందో తెలిస్తే సగం లెక్క తేలిపోతుంది. 1984 వరకు ఏ మ్యాచ్ టీవీలో రావాలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీల వాళ్లు కోర్టుకెళ్లారు. ఆ ఏడాది సుప్రీంకోర్టు ఎన్‌సీఏఏ పెత్తనం చెల్లదంది. అప్పటి నుంచి టీవీ హక్కులు ఎవరికి వాళ్లే అమ్ముకుంటున్నారు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జాతీయ టీవీ డబ్బు 32 జట్లకూ సమానంగా పంచుతారు. కాలేజీల్లో ఆ పద్ధతి లేదు. పంపకమంతా కాన్ఫరెన్స్ లోపలే.

తేడా ఎంతంటే, బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. మిడ్ అమెరికన్ అనే చిన్న కాన్ఫరెన్స్ 2014లో ఈఎస్‌పీఎన్‌తో 13 ఏళ్లకు కుదుర్చుకున్నది 10 కోట్ల పైచిలుకని వార్తలొచ్చాయి. అంటే చిన్నవాళ్లకు పదమూడేళ్లలో వచ్చేది, పెద్దవాళ్లకు ఒక్క ఏడాదిలో వచ్చేదాంట్లో పదో వంతు.

అందుకే ఎస్‌ఈసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉన్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఏళ్ల తరబడి ఓడిపోయినా దానికేం లోటు రాలేదు. 2023-24లో ఆ కాన్ఫరెన్స్ ఒక్కో కాలేజీకి సగటున 5 కోట్ల డాలర్లకు పైగా పంచింది. మరోవైపు పాక్-12 కాన్ఫరెన్స్ నుంచి పది కాలేజీలు వెళ్లిపోయాక ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ నడిరోడ్డు మీద నిలబడ్డాయి. వాటి ఆట మారలేదు, పక్కవాళ్లు మారారంతే.

2. మొత్తం అంకెలు తెచ్చుకోండి

1994 నాటి ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ చట్టం ప్రకారం కాలేజీలు ఏటా క్రీడల ఆదాయం, ఖర్చు చూపించాలి. అమెరికా విద్యాశాఖ సైట్‌లో ఆ చట్టం పేరుతో వెతికి, కాలేజీ పేరు కొట్టండి. ఫుట్‌బాల్‌కి విడిగా వరుస ఉంటుంది. ప్రైవేటు కాలేజీలు కూడా ఇందులో దొరుకుతాయి.

3. "ఆదాయం" అన్న మాటను అలాగే నమ్మకండి

అసలు తిరకాసు ఇక్కడే. చిన్న కాలేజీల రిపోర్టుల్లో చాలాసార్లు ఆదాయం, ఖర్చు ఒక్క డాలర్ తేడా లేకుండా సమానంగా కనిపిస్తాయి. అబ్బ, ఎంత పొదుపో అనుకోకండి. తక్కువ పడినదాన్ని యూనివర్సిటీ తన ఖజానాలోంచి ఇచ్చి, దాన్నీ ఆదాయం కింద రాసేస్తుంది. అబ్బాయికి నాన్న పంపిన పాకెట్ మనీని జీతం అని చెప్పుకున్నట్టే.

దాన్ని విడదీయాలంటే నైట్-న్యూహౌస్ డేటాబేస్ తెరవండి. ప్రభుత్వ యూనివర్సిటీలే ఉంటాయి గానీ ఆదాయాన్ని ముక్కలుగా చూపిస్తుంది: టికెట్లు, దాతల విరాళాలు, టీవీ-కాన్ఫరెన్స్ వాటా, స్పాన్సర్లు, స్టూడెంట్ ఫీజులు, యూనివర్సిటీ లేదా ప్రభుత్వం ఇచ్చినది. చివరి రెండూ కూడి, మొత్తంతో భాగించండి. ఉదాహరణకు మొత్తం 4 కోట్లు, ఆ రెండూ కలిపి 2.6 కోట్లు అనుకుందాం. అంటే 65 శాతం బయటి నుంచి పెట్టిన డబ్బే. ఒహాయో స్టేట్ లాంటి చోట ఆ రెండు ముక్కలూ దాదాపు కనిపించవు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం, 2022-23లో దాదాపు 28 కోట్ల డాలర్ల ఆదాయం ఉన్నవాళ్లకు వాటి అవసరమేముంది?

వర్జీనియా రాష్ట్రం 2015లో ఈ శాతానికి పరిమితి పెట్టింది. పెద్ద కాన్ఫరెన్స్‌ల కాలేజీలకు 20 శాతం, పై స్థాయిలోనే ఆడే మిగతా ఫుట్‌బాల్ కాలేజీలకు 55 శాతం. సగానికి పైగా ఫీజులే ఉన్నా చట్టం ఒప్పుకుంటోందన్నమాట. ఈ అంకె చదివాకే నాకు మావాడి బిల్లు అర్థమైంది.

మనవాళ్లు ఎక్కువగా చేరే టెక్సస్‌లోనూ రెండు రకాలూ ఉన్నాయి. డెంటన్‌లోని నార్త్ టెక్సస్ యూనివర్సిటీ విద్యార్థులు 2008లో ఒక్కో కోర్సు క్రెడిట్‌కి 10 డాలర్ల ఫీజుకు తామే ఓటేశారు, 2011లో కొత్త స్టేడియం తెరుచుకుంది. ఆ ఓటేసినవాళ్లు ఎప్పుడో డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోయారు. దగ్గర్లోనే ఉన్న యూటీ ఆర్లింగ్టన్ మాత్రం 1985 సీజన్‌తోనే ఫుట్‌బాల్‌కి దండం పెట్టేసింది.

4. సెప్టెంబర్ మ్యాచ్‌ల పట్టిక చూడండి

చిన్న జట్టు సీజన్ మొదట్లో పెద్ద జట్ల ఊళ్లకు వరుసగా వెళ్తోందంటే అది డబ్బు కోసమే. వీటిని గ్యారంటీ గేమ్స్ అంటారు: వచ్చి తన్నులు తిన్నందుకు చెక్కు. కెంట్ స్టేట్ 2022 సెప్టెంబర్‌లో వాషింగ్టన్, ఓక్లహోమా, జార్జియాలకు వెళ్లి మూడు చోట్లా ఓడింది. మూడింటికీ కలిపి 50 లక్షల డాలర్లకు పైగా తెచ్చుకుంది. డేటాబేస్‌లో "గ్యారంటీలు" అన్న ముక్క చూస్తే ఎంతో తెలిసిపోతుంది.

అప్పుడప్పుడు కథ అడ్డం తిరుగుతుంది. 2007లో మిషిగన్ 4 లక్షలిచ్చి పిలిచిన అపలేచియన్ స్టేట్ 34-32తో గెలిచింది. 2024లో నోటర్‌డేమ్ 14 లక్షలిచ్చి మరీ నార్తర్న్ ఇలినాయి చేతిలో 16-14తో ఓడింది. చెక్కు మాత్రం ఇవ్వాల్సిందే!

5. ఖర్చు వైపూ ఒక చూపు

పెద్దవాళ్లందరూ మిగుల్చుకుంటారని కాదు. ఎన్‌సీఏఏ లెక్కలోనే 2019లో ఖర్చులు పోను డబ్బు మిగుల్చుకున్న కాలేజీలు 25. వచ్చినదంతా కోచ్‌లకూ భవనాలకూ పోతుంది. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేయడానికే 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. 2025 జులై నుంచి ఆటగాళ్లకు కాలేజీలే నేరుగా డబ్బివ్వచ్చు. మొదటి ఏడాది పరిమితి కాలేజీకి దాదాపు 2.05 కోట్లు. పెద్దవాళ్లకు ఇది ఇంకో పద్దు. చిన్నవాళ్లలో కొందరికి మొత్తం క్రీడల బడ్జెట్టే అంత ఉండదు. ఫీజు పెంచుతారా అన్నది చూడాల్సింది అందుకే.

6. చివరగా బిల్లు

కాలేజీ సైట్‌లో ట్యూషన్, ఫీజుల పేజీ తెరిచి "అథ్లెటిక్స్" లేదా "స్టూడెంట్ సర్వీసెస్" పేరుతో ఉన్న లైను పట్టుకోండి. కొన్నిచోట్ల క్రెడిట్ లెక్కన, కొన్నిచోట్ల సెమిస్టర్‌కి ఇంత అని ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సులకు మినహాయింపు ఉందేమో ఫీజులు వసూలు చేసే బర్సర్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి.

మావాడికి మినహాయింపు రాలేదు. స్టూడెంట్ కార్డు చూపిస్తే టికెట్ ఫ్రీ అని మాత్రం తెలిసింది. "కట్టిన డబ్బు బాబాయ్, వదులుతానా" అని రూమ్మేట్లతో కలిసి వెళ్లాడు. మూడో క్వార్టర్ దాకా ఎవరు ఎటువైపు పరిగెత్తుతున్నారో అర్థం కాలేదట.