బస్సు, రైలు, సైకిల్, నడక కలిసి పనిచేసేలా సిటీ ప్రయాణాన్ని ప్లాన్ చేయడం ఎలా

ట్రాఫిక్ పెరిగింది అనగానే ఒకరు ఫ్లైఓవర్ అంటారు, ఇంకొకరు మెట్రో అంటారు, మరొకరు ఎలక్ట్రిక్ బస్సులు అంటారు, ఏ శాఖ పని ఆ శాఖ చేసుకుపోతుంది, తీరా అన్నీ వచ్చాక చూస్తే రైలు దిగి బస్సెక్కాలంటే అర కిలోమీటరు నడవాలి, అదీ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద. జనం వెళ్లేది ఇంటి గుమ్మం నుంచి పనిచేసే చోటి గుమ్మం దాకా కదా, స్టేషన్ నుంచి స్టేషన్‌కి కాదు. అందుకే ఒక బండి దిగి ఇంకోటి ఎక్కే చోటు ఉంటుంది చూశారా, ప్లాన్ అక్కడ మొదలెట్టండి, కొత్త బండ్లు కొనడం తర్వాత.

ముందు ఒక నోట్‌బుక్ పట్టుకుని జనం బాగా తిరిగే రూట్లో మీరే ఒకసారి వెళ్లిరండి. నడిచింది ఎన్ని నిమిషాలు, నిలబడింది ఎన్ని, బండిలో ఉన్నది ఎన్ని అని వేరువేరుగా రాయండి. అదే రూట్లో చీకటి పడ్డాక ఇంకోసారి, కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లతోనో చంటిపిల్లతో ఉన్న తల్లితోనో మరోసారి వెళ్లండి, మ్యాపులో కనపడనివి అప్పుడు కనపడతాయి (ఎత్తుగా ఉన్న ఫుట్‌పాత్ అంచు, లైటు లేని మలుపు, నీడ లేని స్టాపు). స్టాపులో నిలబడ్డ నిమిషం సీట్లో కూర్చున్న నిమిషం కంటే చాలా పొడుగ్గా అనిపిస్తుంది, ప్లానింగ్ చేసేవాళ్లు కూడా ఆ టైముని దాదాపు రెట్టింపు చేసి లెక్కేస్తుంటారు.

ఇప్పుడు చిన్న లెక్క. 20 నిమిషాలకో బస్సు ఉంటే, టైము చూసుకోకుండా వచ్చినవాళ్లు సగటున 10 నిమిషాలు నిలబడాలి, రెండు బస్సులు ఎక్కాల్సినవాళ్లకి అది 20 అవుతుంది. బస్సుల్ని 10 నిమిషాలకోటి చేస్తే అది 10కి దిగుతుంది, అంటే ఒక్క రోడ్డు కూడా తవ్వకుండా 10 నిమిషాలు మిగిలినట్టే. కాకపోతే బస్సులు నిజంగా సమానమైన గ్యాపులో రావాలి, రెండు ఒకేసారి వచ్చి తర్వాత అరగంట ఏదీ రాకపోతే ఈ లెక్క పనికిరాదు. అందుకే రద్దీ రోడ్లమీద బస్సులకి విడిగా లేన్ ఉండాలని నేను గట్టిగా అంటాను.

తర్వాత స్టేషన్‌కి చేరే దారి. పది నిమిషాల్లో మనిషి 800 మీటర్లు నడుస్తాడు, సైకిల్ మీదైతే దాదాపు రెండున్నర కిలోమీటర్లు పోతాడు, దూరం మూడింతలే అయినా స్టేషన్ అందుబాటులోకి వచ్చే ఏరియా మాత్రం తొమ్మిదింతలు పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ కట్టారంటే ఊరికే కట్టలేదు మరి. అంత పెద్దది అక్కర్లేదు, తాళం వేసుకోడానికి గట్టి స్టాండు, పైన కప్పు, ఇంటి నుంచి అక్కడిదాకా భయం లేకుండా తొక్కే దారి ఉంటే చాలు.

బస్సులు తక్కువగా తిరిగే చోట టైమ్‌టేబుల్ కలపడం తప్పనిసరి. స్విట్జర్లాండ్ వాళ్లు 1982లో దేశమంతా గంటకో రైలు అనే పద్ధతి పెట్టుకున్నారు, తర్వాత పెద్ద స్టేషన్లలో రైళ్లు, బస్సులు ఒకే టైముకి కలుసుకునేలా చూసుకున్నారు. బెర్న్, జూరిక్ మధ్య కొత్త లైను వేసి ప్రయాణాన్ని 2004లో 56 నిమిషాలకి తెచ్చారు, 50 అయినా 40 అయినా ఇంకా గొప్పే కదా అనిపిస్తుంది, కానీ వాళ్లకి కావాల్సింది గంటలోపు చేరి తర్వాతి రైలు అందుకోవడం, అంతకుమించిన స్పీడు కాదు. ముందు టైమ్‌టేబుల్ రాసుకుని దానికి సరిపడా ట్రాక్ కట్టుకున్నారు, నాకు బాగా నచ్చిన పని ఇది.

టికెట్ కూడా ఒక్కటే ఉండాలి. మారిన ప్రతిసారీ మళ్లీ మినిమమ్ చార్జీ కట్టాలంటే అది మారినందుకు ఫైన్ వేసినట్టే. జర్మనీలోని హాంబర్గ్‌లో 1965లోనే వేరువేరు సంస్థలన్నీ ఒక గొడుగు కిందకి వచ్చి ఒకే టికెట్ పద్ధతి పెట్టాయి. సియోల్‌లో 2004 జూలైలో బస్సుకీ మెట్రో రైలుకీ కలిపి దూరాన్నిబట్టి చార్జీ పెట్టారు, మారినప్పుడు కొత్త టికెట్ అక్కర్లేదు, అదే టైములో రోడ్డు మధ్యలో బస్ లేన్లు వేశారు, రూట్లు మార్చారు, బస్సులకి రూట్ రకాన్నిబట్టి రంగులు కూడా వేశారు. ఇందులో కష్టమంతా వచ్చిన డబ్బు ఎవరికెంత అన్న దగ్గరే, యాప్ తయారీ కంటే ముందు ఆ ఒప్పందం రాసుకోండి.

ఇక కార్లు. ఇక్కడ ఏది ముందు ఏది తర్వాత అన్నది చాలా ముఖ్యం, ముందు బస్సులు పెంచాలి, కార్లకి చార్జీ ఆ తర్వాతే. స్టాక్‌హోమ్‌లో 2005 ఆగస్టులో అదనపు బస్సులు వేసి, 2006 జనవరి నుంచి జూలై దాకా సిటీలోకి వచ్చే కార్లకి చార్జీ పెట్టి చూశారు, ట్రాఫిక్‌లో దాదాపు అయిదో వంతు తగ్గింది, ఆ తర్వాత ఓటింగ్ పెట్టి 2007లో పర్మనెంట్ చేశారు. జనం తేడా కళ్లారా చూశాక ఓటేశారు, ట్రయల్ పెట్టడం వల్ల లాభం అదే. చార్జీ దాకా పోలేకపోతే పార్కింగ్‌తో మొదలెట్టండి, రోడ్డు పక్కన ఫ్రీగా ఆపుకోనిస్తున్నంతకాలం బస్ లేన్‌కి చోటు దొరకదు.

కొత్త కాలనీలు, ఆఫీసులు ఎక్కడ రావాలో కూడా ఈ ప్లాన్లోనే రాయాలి. బ్రెజిల్‌లోని కురిచీబాలో 1974 నుంచి బస్సులకి ప్రత్యేక దారులు వేస్తూ, ఎత్తైన బిల్డింగులకి ఆ దారుల వెంటే పర్మిషన్ ఇచ్చారు, అందుకే బస్సుకి జనం దొరికారు.

ఎలక్ట్రిక్ బండ్లు కావాలి, పొగ తగ్గుతుంది, కానీ ఎలక్ట్రిక్ కారు కూడా రోడ్డు మీద అంతే చోటు తింటుంది, కాబట్టి డబ్బు ఉంటే ముందు రోజంతా తిరిగే బస్సులకి పెట్టండి.

ఆరు నెలలయ్యాక అదే నోట్‌బుక్ తీసి, అదే రూట్లో, అదే టైముకి మళ్లీ వెళ్లండి, నిలబడ్డ నిమిషాలు తగ్గాయో లేదో పాత పేజీ పక్కనే రాయండి, తగ్గకపోతే ఎక్కడ ఆగామో ఆ స్టాపు పేరుతో సహా అందరి ముందూ పెట్టండి.