మన ఏరియాలో పోలీసుల్ని పెంచమని అడగాలంటే ముందు ఏం చెయ్యాలి (ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఉన్న మన తెలుగోళ్ళ కోసం)

మా వీధిలో కొన్ని నెలల్లోనే మూడు బళ్ళు పోయాయి, కేసు పెట్టింది మాత్రం ఒక్కరే. మిగతా ఇద్దరూ బండి ఈపాటికి పాతపట్నం దాటేసుంటుంది, ఇంక థానా (పోలీస్ స్టేషన్) చుట్టూ ఎవరు తిరుగుతారు అని ఊరుకున్నారు. తర్వాత అందరం కలిసి రాత్రి గస్తీ పెంచమని అడగడానికి వెళ్తే అక్కడి ఆఫీసర్ రికార్డు చూసి మీ వీధిలో ఒక్క దొంగతనమే కదండీ జరిగింది అన్నారు. ఆయన్ని అనడానికేం లేదు, ఎక్కడికి ఎంతమంది అనేది రాతలో ఉన్న కేసుల్ని చూసే కదా లెక్కేస్తారు, మనం రాయించకపోతే మన వీధి వాళ్ళకి ప్రశాంతంగానే కనపడుతుంది.

అందుకే ముందు చెయ్యాల్సింది, పోయిన ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ రాయించడం. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) నడుస్తోంది, అందులో సెక్షన్ 173 ప్రకారం నేరం ఏ థానా పరిధిలో జరిగినా మీరు వెళ్ళిన చోట రాసుకోవాలి, అదే జీరో ఎఫ్ఐఆర్. ఇది మా పరిధి కాదు, ఆంధ్ర వైపు వెళ్ళండి అని పంపెయ్యడానికి లేదు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. తీసుకోం అంటే ఎస్పీకి రాసి పోస్ట్‌లో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇంకోటి, మన పెద్దోళ్ళు చాలామంది ఒడియా మాట్లాడతారు కానీ చదవలేరు, కాబట్టి రాసింది చదివి వినిపించమనండి, విన్నాకే సంతకం పెట్టండి.

తర్వాత ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. ఎస్పీ ఆఫీసుకి ఫారం-ఎ నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంప్, గుర్తింపు కార్డు కాపీ పెట్టి ఇవ్వాలి, తెలుగులో రాస్తే కుదరదు, ఒడియా గానీ ఇంగ్లీషు గానీ హిందీ గానీ ఉండాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. మన థానాకి ర్యాంకుల వారీగా మంజూరైన పోస్టులెన్ని, ఇప్పుడు నిజంగా ఉన్నవాళ్ళెంతమంది, గత 3 ఏళ్ళలో దొంగతనం కేసులెన్ని, ఇవి అడగండి చాలు. ఎవరు ఏ రాత్రి ఎక్కడ డ్యూటీ అని అడగొద్దు, అది భద్రత విషయం, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఆ అంకెలే అసలు సంగతి. పోస్టులు ఉండి ఖాళీగా ఉంటే కొత్త ఫాండి (మనం అవుట్‌పోస్ట్ అంటాం కదా) అడగడం అనవసరం, ఖాళీలు నింపమని అడగండి. కొత్త ఫాండి గానీ థానా గానీ కావాలంటే ఎస్పీ ప్రపోజల్ డీఐజీ, డీజీపీ ఆఫీసు దాటి హోం డిపార్ట్‌మెంట్ దాకా వెళ్ళాలి, ఊరికే తేలేది కాదు. కానీ ఒక థానా నుంచి ఇంకో థానాకి మనుషుల్ని మార్చడం, రాత్రి గస్తీ, బోర్డర్ రోడ్డు మీద చెకింగ్, ఇవన్నీ ఎస్పీ చేతిలోనే ఉంటాయి, అవి ముందు అడగాలి. మా పిటిషన్‌లో మేం ఇది తిరగేసి రాశాం, ఫాండి పైన పెట్టి గస్తీ కింద పెట్టాం, దాంతో మొత్తం ప్రపోజల్ ఫైల్లోకి వెళ్ళిపోయింది.

ఎవరికివ్వాలో కూడా చూసుకోండి. గంజాం జిల్లా ఒకటే గానీ ఎస్పీలు ఇద్దరు, గోళంతర వైపు వాళ్ళు బరంపురం ఎస్పీకి ఇవ్వాలి, ఛత్రపురం వెళ్తే తిరిగి పంపుతారు. పై స్థాయిలో చూస్తే పోలీసు రేంజ్‌లు (కొన్ని జిల్లాలు కలిపి ఒక డీఐజీ కింద) ఉంటాయి, గజపతి, గంజాం సదరన్ రేంజ్ కింద, రాయగడ, కొరాపుట్ సౌత్ వెస్టర్న్ రేంజ్ కింద ఉంటాయి. ఒక కాపీ బోర్డర్ అవతల ఆంధ్ర వైపు ఎస్పీకి కూడా పంపండి. పర్లాకిమిడి వాళ్ళకి శ్రీకాకుళం, గుణుపురం వాళ్ళకైతే భామిని వైపు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా, పాత అడ్రస్‌కి పంపకండి.

పిటిషన్ ఇవ్వడానికి సోమవారం జాయింట్ గ్రీవెన్స్ మంచిది, కలెక్టర్, ఎస్పీ ఇద్దరూ ఒకే చోట కూర్చుంటారు, ఒక్కో వారం బ్లాక్‌లో పెడతారు కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. ఎఫ్ఐఆర్ నంబర్లు తేదీల వారీగా ఒక పేజీ, ఆర్టీఐ జవాబు, పల్లీసభ (ఊరి సభ) తీర్మానం జతచెయ్యండి. షాపులోళ్ళని, రాత్రి డ్యూటీ నుంచి ఒంటరిగా ఇంటికొచ్చే ఆడవాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి, వాళ్ళ భయం వాళ్ళ నోటితోనే చెప్పాలి. బయటికొచ్చే ముందు డైరీ నంబర్ (పిటిషన్ అందినట్టు వాళ్ళు వేసే నంబర్) రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, నెల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ నంబర్ చెప్తేనే ఫైలు బయటికొస్తుంది.