రాంగ్లర్‌కి జీఎంఆర్‌ఎస్ రేడియో బిగించుకోవడం ఎలా

ఫీనిక్స్‌లో మనవాళ్లు ఈమధ్య జీపులు బాగానే కొంటున్నారు. కొన్న నెలలోపే "అన్నా, ఏ రేడియో తీసుకోవాలి?" అని ఫోన్. క్రౌన్ కింగ్ లాంటి కొండదారుల్లో సెల్ సిగ్నల్‌ని నమ్ముకోలేం, బండి నుంచి బండికి మాట్లాడుకోవాలంటే రేడియోనే దిక్కు కాబట్టి అడగాల్సిన మాటే. నా బండి జీప్ రాంగ్లర్, జేఎల్ మోడల్. దాన్నిబట్టే చెబుతాను.

సీబీకి (లారీవాళ్లు వాడే సిటిజన్స్ బ్యాండ్ రేడియో) లైసెన్స్ అక్కర్లేదు, కానీ 4 వాట్లు, బర్రుమనే చప్పుడు, బారెడు యాంటెనా. హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) చాలా మంచిది, అయితే గుంపులో ప్రతి ఒక్కరూ పరీక్ష పాసవ్వాలి. మనకు సరిపోయేది జీఎంఆర్‌ఎస్, అంటే జనరల్ మొబైల్ రేడియో సర్వీస్. పరీక్ష లేదు. ఎఫ్‌సీసీ (రేడియో లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్‌లో 35 డాలర్లు కడితే పదేళ్లకు లైసెన్స్ ఇస్తారు. 18 ఏళ్లు నిండితే చాలు, సిటిజన్ కానక్కర్లేదు. భార్య, పిల్లలు, అమ్మానాన్నలు, అన్నదమ్ములే కాదు, అత్తమామలు, బావమరదులు కూడా అదే లైసెన్స్ మీద మాట్లాడొచ్చు. తెలుగులో ఎంతసేపైనా మాట్లాడుకోండి. కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) మాత్రం ఇంగ్లిష్‌లోనే చెప్పాలి: మాట్లాడటం అయ్యాక ఒకసారి, సంభాషణ సాగుతూ ఉంటే 15 నిమిషాలకోసారి.

ఇక రేడియో. అందరూ 50 వాట్ల దాని మీదే పడతారు. 15 నుంచి 50కి వెళ్తే పెరిగేది దాదాపు 5 డెసిబెళ్లు, అంటే ఒక్క ఎస్-యూనిట్ (సిగ్నల్ మీటరు మీద ఒక మెట్టు) కూడా నిండదు. కొండ అడ్డొస్తే ఏ రేడియో అయినా ఒకటే. నన్నడిగితే 15 వాట్లది తీసుకుని మిగిలిన డబ్బు యాంటెనా మీద పెట్టండి. మీటలన్నీ మైక్ మీదే ఉన్న మోడల్ అయితే ఇంకా హాయి. రేడియో డబ్బాని గ్లవ్‌బాక్స్ కింద దాచేయొచ్చు, అరిజోనా ఎండకి డాష్‌బోర్డ్ మీద కాలిపోయే బాధ ఉండదు.

అసలు పని యాంటెనాది. మ్యాగ్నెట్ మౌంట్ కొనేముందు ఒక అయస్కాంతం తీసుకెళ్లి బానెట్ మీద పెట్టి చూడండి. అంటదు. జేఎల్ బానెట్ అల్యూమినియం, తలుపులూ అంతే, హార్డ్‌టాప్ ఏమో ఫైబర్‌గ్లాస్. మామూలు యాంటెనాకి కింద రేకు (దీన్నే గ్రౌండ్ ప్లేన్ అంటారు) ఉండాలి, ఫైబర్‌గ్లాస్ ఆ పని చేయదు. అందుకే బానెట్ పక్కన, ముందు అద్దం మొదట్లో బోల్టులతో బిగించే బ్రాకెట్, దాని మీద గ్రౌండ్ ప్లేన్ అక్కర్లేని హాఫ్‌వేవ్ రకం యాంటెనా పెట్టమంటాను. స్టెపినీ దగ్గర పెడితే ముందువైపు సిగ్నల్‌కి బండే అడ్డం.

గెయిన్ (యాంటెనా సిగ్నల్‌ని ఒకవైపు ఎంత కూడదీస్తుందో చెప్పే లెక్క, డెసిబెళ్లలో అంటే డీబీల్లో) ఎక్కువున్నదే మంచిదనుకోకండి. పిండిముద్దని నొక్కితే వెడల్పు పెరిగి ఎత్తు తగ్గినట్టే, 6 డీబీ యాంటెనా సిగ్నల్‌ని అడ్డంగా పరుస్తుంది. మైదానంలో బాగుంటుంది. ఏటవాలులో బండి ఒరిగితే ఆ సిగ్నల్ సగం నేలలోకి, సగం ఆకాశంలోకి పోతుంది. కొండల్లో 3 డీబీదే నయం. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సన్నటి ఆర్‌జీ-58 రకం కేబుల్ అయితే 15 అడుగుల్లోనే పవర్‌లో పావువంతు పైనే తినేస్తుంది.

కరెంటు సంగతి. 15 వాట్ల రేడియోకి లైటర్ సాకెట్ చాలు. 50 వాట్లది అయితే 10 ఆంపియర్లు దాటి లాగుతుంది కాబట్టి బ్యాటరీ నుంచే 10 లేదా 12 గేజ్ వైరు వేయాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, రేడియో దగ్గర కాదు. మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే కాపాడేది అదే. జేఎల్‌లో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది, కాబట్టి నల్ల వైరుని అక్కడ కాకుండా బాడీ గ్రౌండ్ బోల్టుకి బిగించండి. వైర్లను తలుపు సందులోంచి తీసుకురావద్దు, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ)లోని రబ్బరు గ్రోమెట్‌లోంచి తేవాలి.

యాంటెనా తగిలించకుండా మైక్ నొక్కొద్దు. తగిలించాక ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే నిష్పత్తి) మీటరుతో చూడండి. 1.5 లోపు భేష్, 2 దాకా పర్లేదు, 3 వచ్చిందంటే నాలుగోవంతు పవర్ వెనక్కే వస్తోందని అర్థం. సీబీ వాళ్ల దగ్గర తెచ్చిన మీటరు ఇక్కడ పనికిరాదు, అది 27 మెగాహెర్ట్జ్‌ది, మనది 462. రిపీటర్లు (మన సిగ్నల్‌ని అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్లు) కూడా వాడాలనుకుంటే 467 దగ్గర కూడా చూసుకోండి.

గుంపుతో వెళ్లినప్పుడు ఎవరో ఒకరు "నాకేం వినపడట్లేదు" అంటారు. పదిలో తొమ్మిదిసార్లు అది ప్రైవసీ కోడ్ గొడవే. ఆ కోడ్ ఎవరినీ విననివ్వకుండా ఆపదు. కోడ్ కలవనివాళ్ల మాట మీకు వినపడకుండా చేస్తుంది, అంతే. అందరూ ఆ కోడ్ ఆపేసుకుంటే టెన్షన్ ఉండదు. ఇంకోటి: కిందికి దిగి రాళ్ల మధ్య దారి చూపించే మనిషి చేతిలోని హ్యాండ్‌సెట్‌ని 8 నుంచి 14 మధ్య చానల్‌లో పెట్టకండి. ఆ చానళ్లు చేతి రేడియోలకే. అతను చెప్పేది బండిలో మీకు వినపడుతుంది, తిరిగి మీరు మాట్లాడలేరు.