ఒకేలా అనిపించే ఇంగ్లిష్ మాటలు – 7: కనబడటం వేరు, చూడటం వేరు

ముందు కిందటి పాఠంలో ఇచ్చిన వాక్యం సంగతి చూద్దాం. 'ఆమె నాకు అబద్ధం చెప్పింది' అంటే 'షీ టోల్డ్ మి ఎ లై'. 'షీ సెడ్ మి' అని రాసినవాళ్లు సే, టెల్ తేడా కోసం ఆరో పాఠం ఇంకోసారి తిరగేయండి.

ఇవాళ్టి మాటలు ఐదు: సీ, లుక్, వాచ్, హియర్, లిసన్. మొదటి మూడూ 'చూడటం', చివరి రెండూ 'వినడం' అని బట్టీ పట్టి ఉంటాం. చిక్కంతా అక్కడే వస్తుంది. వీటి మధ్య ఉన్న తేడా మనకు కొత్తదేం కాదు. రోజూ తెలుగులో పాటిస్తున్నదే.

ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేకపోతే ఏమంటాం? 'హలో, వినబడుతోందా?' అంటాం. అవతలి మనిషి పరధ్యానంగా ఊఁ కొడుతుంటే 'అసలు వింటున్నావా?' అని అడుగుతాం. మొదటిది 'కెన్ యూ హియర్ మి?', రెండోది 'ఆర్ యూ లిసనింగ్?'. చెవిన పడితే హియర్, చెవి ఒగ్గితే లిసన్.

కంటికీ ఇదే లెక్క. కనబడితే సీ, కావాలని అటు చూస్తే లుక్. బస్టాండులో కళ్లజోడు లేకుండా నిలబడ్డారనుకోండి. బస్సు వచ్చింది, బోర్డు వైపు చూశారు, నంబరు మాత్రం కనబడలేదు. 'ఐ లుక్డ్ ఎట్ ద బోర్డ్, బట్ ఐ కుడ్ నాట్ సీ ద నంబర్.' ఈ ఒక్క వాక్యాన్ని నాలుగుసార్లు పైకి చదవండి. తేడా నోటికే తెలిసిపోతుంది.

'కనబడుతోంది', 'వినబడుతోంది' అనే అలవాటుతో మనం 'ఐ యామ్ సీయింగ్', 'ఐ యామ్ హియరింగ్' అనేస్తాం. ఈ అర్థంలో అలా అనరు. 'ఐ కెన్ సీ', 'ఐ కెన్ హియర్' అనాలి. 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో' మాత్రం తప్పు కాదు. అక్కడ సీ అంటే వెళ్లి కలవడం.

లుక్ పక్కన 'ఎట్', లిసన్ పక్కన 'టు' మరచిపోవద్దు. 'లిసన్ మ్యూజిక్' అనరు, 'లిసన్ టు మ్యూజిక్' అనాలి.

ఇక వాచ్. నాకు బాగా ఇష్టమైన మాట ఇది. పొయ్యి మీద పాలు పెట్టి అమ్మ పెరట్లోకి వెళ్తూ 'పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండు' అంటుంది. ఒకసారి చూసి వచ్చేస్తే అది 'లుక్ ఎట్ ద మిల్క్'. మీగడ కట్టి, అంచున బుడగలు లేచి, పైకి వచ్చేదాకా కళ్లు తిప్పకుండా నిలబడితే 'వాచ్ ద మిల్క్'. మారేదాన్నీ కదిలేదాన్నీ కాసేపు గమనిస్తూ ఉంటే వాచ్. క్రికెట్ మ్యాచ్‌కీ టీవీకీ ఎక్కువగా ఇదే వాడతారు. సినిమాకు మాత్రం రెండూ నడుస్తాయి. థియేటర్లో చూస్తే సీ అనడం ఎక్కువ, ఇంట్లో చూస్తే వాచ్.

ఒక్క జాగ్రత్త. ఇల్లంతా వెతికాక 'తాళంచెవి కనబడటం లేదు' అంటాం కదా, దాన్ని 'మై కీ ఈజ్ నాట్ సీన్' అని మార్చకండి. అక్కడ మనం చెప్పేది దొరకలేదనే సంగతి. అందుకే 'ఐ కాంట్ ఫైండ్ మై కీ' అనాలి.

ఈసారి ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన వాక్యాలు ఇవి. రాసే ముందు ప్రతిదాన్నీ తెలుగులోనే ఒకసారి పరీక్షించుకోండి: అదంతట అది కంటికో చెవికో తగిలిందా, మీరు మనసు పెట్టారా?

రాత్రి ఉరుములు వినబడ్డాయి.
పాత ఫొటోలు చూస్తూ కూర్చున్నాం.
నేను వచ్చేదాకా ఈ బ్యాగు కాస్త చూస్తూ ఉండండి.
నా చెప్పులు కనబడటం లేదు.
తాతయ్య రోజూ రేడియో వింటారు.

జవాబులు ఎనిమిదో పాఠంలో. అందులో అప్పు ఇవ్వడం, అప్పు తీసుకోవడం: లెండ్, బారో.