పాత నాణేలు పోల్చుకుందాం – 3వ పాఠం: రూపాయెత్తు

కిందటి పాఠంలో కాణీ, అణా, బేడ, పావలా లెక్క చూశాం. రూపాయికి 16 అణాలు, అణాకి 4 కాణీలు అన్నది ఈపాటికి నోటికి వచ్చేసి ఉంటుంది. అణా బిళ్ళ దొరికినవాళ్ళు దాని మీద తెలుగులో కూడా ‘ఒక అణా’ అని రాసి ఉండడం చూసే ఉంటారు. ఈసారి వెండి రూపాయి సంగతి చూద్దాం. కోనసీమలో పాత పెంకుటింటి భోషాణం తెరిస్తే చాలాసార్లు ముందు బయటపడేది అదే. కొత్తవాళ్ళు ఎక్కువగా మోసపోయేదీ దాని దగ్గరే.

ముందు కాటా తీసుకోండి. మన పెద్దవాళ్ళు మందు దినుసులకి ‘రూపాయెత్తు’ అని కొలత చెప్పేవాళ్ళు. 1835 నుంచి ఈస్టిండియా కంపెనీ రూపాయిని ఒక తులం బరువుతో, అంటే 11.66 గ్రాములతో అచ్చు వేసింది. అందుకే నాణెమే తూకపు రాయిగా పనికొచ్చింది. ఇప్పుడు బంగారం కొట్లో తులమంటే 10 గ్రాములు అంటున్నారు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. చేతులు మారి అరిగిన రూపాయి కొద్దిగా తక్కువ తూగుతుంది, అందులో తప్పేం లేదు. 10 గ్రాముల దగ్గరికి దిగిపోయిందంటే మాత్రం దాన్ని అనుమానించాల్సిందే.

బరువు సరిపోయాక సంవత్సరం చూడాలి. 1939 దాకా ఉన్న రూపాయిల్లో వెండి 91.7 శాతం. 1940 నుంచి 1945 దాకా సగమే. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, అది పూర్తిగా నికెల్, వెనకవైపు పులి బొమ్మ ఉంటుంది. ఈ మూడోదాన్ని అయస్కాంతం ఇట్టే పట్టేస్తుంది. రాజమండ్రి రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి గోదాట్లోకి విసిరి చిల్లర తీసే కుర్రాళ్ళని చూశారా? వాళ్ళకి దొరికేవన్నీ స్టీలు, నికెల్ నాణేలే. వెండీ రాగీ నీళ్ళలో ఎన్ని ఉన్నా ఆ అయస్కాంతానికి అంటుకోవు. అలాగని అంటుకోనిదల్లా వెండి అనుకోకండి. సగం వెండి రూపాయీ అంటుకోదు, తెల్ల ఇత్తడితో చేసిన దొంగ నాణెమూ అంటుకోదు.

నాణెం మీది సంవత్సరాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న రూపాయి చూసి చాలామంది మురిసిపోతారు. 1874 దాకా అదే సంవత్సరం వేస్తూ పోయారు కాబట్టి అవి బోలెడు ఉన్నాయి. 1939 రూపాయి వాటికంటే ఎంతో కొత్తది, అయినా అది అరుదు. అరుదు కాబట్టే దాని దొంగ అచ్చులూ ఎక్కువ. మొదటి ఏడాది మీరు 1939 జోలికి పోవద్దని నా గట్టి సలహా. 1911 రూపాయి దొరికితే మాత్రం దాని మీదున్న ఐదో జార్జి రాజు అంగీ మీది ఏనుగుని భూతద్దంతో చూడండి. అది పందిలా ఉందని జనం గొడవ చేస్తే 1912లో ఆ బొమ్మ మార్చారు.

ఇక విలువ. 1939 దాకా ఉన్న రూపాయిలో అసలు వెండి సుమారు 10.69 గ్రాములు. దాన్ని ఈరోజు గ్రాము వెండి ధరతో గుణిస్తే వచ్చేది కనీస ధర. నకిలీ కాకపోతే అంతకన్నా తక్కువకి ఇవ్వక్కర్లేదు. ఆపైన ఎంత పలుకుతుందన్నది ఆ నాణెం ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది అన్న దాన్ని బట్టి ఉంటుంది. కిరీటంలో ముత్యాలు, చెవి పైన జుట్టు, అంగీ మీద కుట్టుపని ముందు అరిగే చోట్లు. అక్కడ గీతలు విడివిడిగా కనిపిస్తే మంచి నాణెం. ఎదుటివాడు అడిగే ధర చూసి లెక్క కట్టకండి. వేలం సంస్థలు అమ్మకం అయ్యాక ప్రకటించే ధరలు చూడండి.

ఇక్కడొకటి చెప్పాలి. మా అమ్మమ్మ నాకిచ్చిన విక్టోరియా రూపాయి నల్లబడిందని, ఓ దీపావళికి ఇత్తడి కుందులతో పాటు దాన్నీ చింతపండు, బూడిద పెట్టి తోమేశాను. తళతళలాడింది. పాత నాణేలు కొనే ఒకాయనకి చూపిస్తే భూతద్దం నా చేతికిచ్చి, “చూడండి, రాణిగారి బుగ్గంతా గీతలే. ఇప్పుడిది వెండి లెక్కకే పోతుందండి” అన్నారు. ఆ నలుపు మురికి కాదు, నాణెం వయసుతో పట్టిన పొర. దాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. ఆ రూపాయి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. దయచేసి మీరు తోమకండి, నిమ్మకాయ రుద్దకండి, టూత్‌పేస్టు కూడా వద్దు. దండలో గుచ్చడానికి కొంకి అతికించిన రూపాయిల్ని కూడా వెండి లెక్కనే కొంటారు. కొంకి పీకేసినా మచ్చ పోదు.

రాములవారి పట్టాభిషేకం బొమ్మ, 1818, ఈస్టిండియా కంపెనీ అని ఉన్న బిళ్ళ మీ ఇంట్లో ఉంటే దేవుడి గదిలో పెట్టుకోండి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వెయ్యలేదు. బియ్యాన్ని లాగే రైస్ పుల్లింగ్ నాణెం ఉంది, కోట్లు పలుకుతుంది అని ఎవరైనా వస్తే గుమ్మం దాటనివ్వకండి. ఆ మాట నమ్మి ఆస్తులు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమిషనో పన్నో ముందే కట్టమంటే అదీ మోసమే, ఆ బ్యాంకే 2021లో ఈ విషయం మీద హెచ్చరించింది.

వచ్చే పాఠంలోగా మూడు రూపాయలు తూచి నోటు పుస్తకంలో బరువు, సంవత్సరం, అయస్కాంతం పట్టిందా లేదా, ఎక్కడెక్కడ అరిగింది రాయండి. ధర కాలమ్ ఖాళీగా ఉంచండి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి, వేలిముద్ర పడితే మన సముద్రపు గాలికి మచ్చ త్వరగా తేలుతుంది. నాలుగో పాఠం రాగి నాణేల మీద, దానికి పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కావాలి.