"బాగానే ఉన్నాడు" అనకండి: చెన్నైలో ఇంటి దగ్గర సాయానికి ఎట్లా రాసుకోవాలి

మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండవు. మాది సూళ్లూరుపేట పక్కన పల్లె. అమ్మ పోయాక వాణ్ణి పెరంబూరు తెచ్చుకున్నాను, తొమ్మిదేళ్లయింది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. హాల్లో ఒక మూల మిషను, ఇంకో మూల వాడి మంచం. ఈ మధ్య మా వీధిలో ఉండే తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురు, "అక్కా, మీవాడికి గవర్నమెంటు నుంచి ఏమొస్తుంది, ఎక్కడ రాశారు?" అని అడిగారు. అందరికీ మొదట్నుంచి చెప్పాలంటే కుట్టు ఆగిపోతోంది. అందుకే రాస్తున్నాను.

పొద్దున్నుంచి రాత్రిదాకా మనిషిని పంపి చూసుకుంటారని ఆశపడి వెళ్లకండి. నేను తిరిగిన తిరుగుడికి దొరికినవి ఇవి: నెలనెలా భృతి, దానిమీద సహాయకుల కోసమని కొంచెం, ఇంటికొచ్చి చూసే ఫిజియోథెరపిస్టు, నర్సు. ఇవన్నీ విడివిడిగా అడగాలి. ఒకటి అడిగితే రెండోదాని సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

డబ్బు సాయాలకు తాళంచెవి యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు. స్వావలంబన్ కార్డ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టాలి. ఫోన్లో మనమే చెయ్యొచ్చు, చేతకాకపోతే ఈ-సేవై సెంటర్లో చేస్తారు. ఆధార్, ఫొటో, అడ్రసు కాగితం, సంతకమో వేలిముద్రో కావాలి. ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికల్ బోర్డు చూసి శాతం వేస్తుంది. 40 కంటే తక్కువైతే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆ పైన నీలం. ఆంధ్రాలో తీసుకున్న కార్డున్నా పరవాలేదు, అది దేశమంతటా చెల్లుతుంది.

మనవాళ్లకు చిక్కొచ్చేది పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడివాళ్లు నాన్న పేరులో మొదటి అక్షరం పెట్టుకుంటారు. తమ్ముడి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఇక్కడ తీసుకున్న రేషన్ కార్డులో ఒక్క అక్షరమే ఉంది. బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు చివరికి పోయింది. ఒకే మనిషి, మూడు పేర్లు. కౌంటరులో అమ్మాయి మూడు కాగితాలూ వరసగా పెట్టి, "వీళ్లు ముగ్గురా?" అని అడిగింది. ఆధార్‌లో ఎట్లా ఉందో మిగతావన్నీ అట్లాగే మార్పించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. నేను ముందు దరఖాస్తు పెట్టేసి రెండు నెలలు పోగొట్టుకున్నాను. ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంటే అదీ ముందు చెన్నైకి మార్చాలి, ఇక్కడి భృతి ఇక్కడ ఉండేవాళ్లకే.

ఇక బోర్డు రోజు. ఇది కొంచెం నిదానంగా చదవండి.

మొదటిసారి పోయినప్పుడు వాడికి తలకు నూనె పెట్టి, కొత్త చొక్కా తొడిగి, పౌడరు రాసి పెళ్లిచూపులకు తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాను. డాక్టరు తమిళంలో, "అన్నం తనే తింటాడా?" అన్నారు. "తింటాడు సార్" అన్నాను. అబద్ధం కాదు. ఎడం చేత్తో ముద్ద ఎత్తుతాడు, పదింటిలో రెండు నోటిదాకా వస్తాయి, మిగతావి చొక్కామీద. ఆ ఎనిమిదింటి మాట నేను చెప్పలేదు. "కూచుంటాడా?" "కూచుంటాడు." దిండ్లు రెండు పక్కలా పెట్టి, నడుముకు నా చున్నీ కట్టి కూచోబెడతానని చెప్పలేదు. "మాట్లాడతాడా?" "బాగా మాట్లాడతాడు సార్!" అదైతే గర్వంగా చెప్పాను. శాతం 65 వచ్చింది. ఇక్కడ తీవ్ర వైకల్యం కింద భృతి రావాలంటే 75 ఉండాలి.

తప్పు డాక్టరుది కాదు, నాది. ముప్పై ఏళ్లుగా చుట్టాలకు ఏం చెబుతున్నామో అక్కడా అదే చెప్పాను. "మావాడు బాగానే ఉన్నాడు." మన ఇళ్లల్లో ఆ మాట నోటికి అంటుకుపోయింది. లేనిది చెప్పమనడం లేదు. ఉన్నది సగం మింగేయకండి అంటున్నాను.

శాతం తక్కువేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది, 59వ సెక్షను. నేను తిరిగి పరీక్ష కోరుతూ కాగితం పెట్టి, ఈసారి ఒక నోటుబుక్కు తయారుచేశాను. వారం రోజులు, వాడి దగ్గర నా చెయ్యి పడిన ప్రతిసారీ రాశాను. బ్లౌజు కొలతలు రాసే పుస్తకమే, వెనకనుంచి మొదలుపెట్టాను. ఒక రోజు ఇట్లా ఉంది:

"తెల్లారి 5.30 పక్కకు తిప్పాను. 6.15 బాత్రూము, నేనూ మా ఆయనా ఇద్దరం పట్టాలి. 7.40 ఇడ్లీ రెండు, ముప్పై ఐదు నిమిషాలు, ఒకసారి పొలమారింది. 11 తిప్పాను. 1.30 అన్నం మెత్తగా పిసికి, నలభై నిమిషాలు. 3 ప్యాంటు తడిసింది, మార్చాను. రాత్రి 2 కాళ్లు బిగుసుకుని అరిచాడు, అరగంట పట్టాను."

రెండోసారి ఆ పుస్తకం, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితం, పాత స్కాన్లు, కాళ్లు కత్తెరలా మెలిబడినప్పుడు తీసిన వీడియో పట్టుకుపోయాను. ఇంట్లో ఉండే బనియను, లుంగీతోనే తీసుకెళ్లాను. డాక్టరు ఆ పుస్తకం రెండు పేజీలు తిప్పి, వాడి మోకాళ్లు విడదీయబోయారు, రాలేదు. 85 వేశారు. పక్షవాతం లాంటివి కొత్తగా వచ్చినవాళ్లయితే వెంటనే పరుగెత్తకండి, నరాల జబ్బులకు మామూలుగా ఆరు నెలలు గడిచాక శాతం లెక్కేస్తారు. ఆ ఆరు నెలల కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకోండి.

కార్డొచ్చాక జిల్లా ఆఫీసు. కౌంటర్లలో తెలుగు నడవదు, కాబట్టి ఈ మాటలు బట్టీ పట్టండి. వికలాంగులను ఇక్కడ మాట్రుత్తిరనాళిగళ్ అంటారు. ఆఫీసు పేరు మాట్రుత్తిరనాళిగళ్ నల అలువలగం. మీరు అడగాల్సింది పరామరిప్పు ఉదవిత్తొగై. అంటే పోషణ భృతి, నెలకు 2,000. ఊరికే "పెన్షన్" అన్నారా, రెవెన్యూ వాళ్ల దగ్గరికి తోస్తారు. అది వేరే పెన్షన్, రెండూ ఒకే మనిషికి ఇవ్వరు. బుద్ధిమాంద్యం, మస్క్యులర్ డిస్ట్రఫీ, వెన్నుపాము దెబ్బ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కుష్టు నయమైనవాళ్లు, వీళ్లకు వేరువేరు విభాగాలున్నాయి. మీది ఏదో ముందే అడిగి ఆ గడిలోనే రాయించండి. యూడీఐడీ, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు జిరాక్సులు, ఫొటోలు ఇచ్చి రసీదు తీసుకోకుండా కదలకండి.

ఇక్కడొక ఇంటి గొడవ చెప్పాలి. 2024 జులై నుంచి ఆంధ్రాలో వికలాంగుల పెన్షన్ 6,000 అయింది, మంచానికో వీల్ చైరుకో పరిమితమైనవాళ్లకు 15,000. అప్పట్నుంచి మా పెదనాన్న కొడుకు ఫోను చేసినప్పుడల్లా, "వాణ్ణి ఊరికి పంపరాదా, పదిహేను వేలొస్తాయి" అంటాడు. డబ్బొస్తుంది, నిజమే. రాత్రి రెండింటికి కాళ్లు ఎవరు పడతారన్నా అంటే మాత్రం సిగ్నల్ పోతుంది. ఇక్కడ ఉంటూ ఊరి అడ్రసుమీద రెండోది కూడా తీసుకుందామని కొందరంటారు. చెయ్యకండి. ఒకే ఆధార్, ఎప్పుడో దొరుకుతుంది, దొరికితే రెండూ పోతాయి.

భృతి మొదలయ్యాక అదే ఆఫీసులో రెండో కాగితం పెట్టాలి. రోజంతా ఇంకో మనిషి చెయ్యి కావలసినవాళ్లకు, సహాయకుల కోసమని నెలకు 1,000 ఇస్తారు. ఇందాక చెప్పిన 2016 చట్టంలో 38వ సెక్షను ప్రకారం, ఎక్కువ సహాయం కావాలని ఆ మనిషి అయినా, అతని తరఫున ఇంకెవరైనా అయినా దరఖాస్తు పెట్టొచ్చు. బోర్డు చూసి తేలుస్తుంది. అక్కడ మళ్లీ నా కొలతల పుస్తకమే పనికొచ్చింది. వెయ్యి రూపాయలకు సహాయకులు ఎవరూ రారు, నాకూ తెలుసు. మాకు డైపర్లకు, బాత్రూములో పట్టుకోవడానికి వారానికి రెండుసార్లు వచ్చే పిల్లాడికి సరిపోతోంది.

పాస్‌బుక్కు ఎవరి పేరున అన్నది తేల్చుకోండి. బ్యాంకులో గుమాస్తా నా సంతకం అడిగాడు. తమ్ముడు మంచి తమిళంలో, మెల్లగా, "అకౌంటు నాది. వేలు నాది" అన్నాడు. వేలిముద్రతో వాడి పేరునే తెరిచారు. తమ సంగతి తామే తేల్చుకోగలవాళ్లకు గార్డియన్ అక్కర్లేదు. పద్దెనిమిది దాటి, తమంతట తాము నిర్ణయించుకోలేని ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు మాత్రం 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు కమిటీ గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తుంది. కన్నవాళ్లయినా పద్దెనిమిది తర్వాత అది కావాలి. ఈ నాలుగు రకాల వాళ్లకే నిరామయ బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చులు కలిపి.

నా మటుకు నాకు డబ్బుకన్నా ఎక్కువ ఆదుకున్నది మక్కళై తేడి మరుత్తువం. జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టారు. బీపీ, షుగర్ మందులు ఇంటికిచ్చే పథకమనే అందరికీ తెలుసు. మంచాన ఉన్నవాళ్లకు ఫిజియోథెరపీ, పుండ్లకు కట్లు కట్టే నర్సు కూడా అందులోనే ఉన్నారు. దీనికి శాతం, పోర్టల్ ఏమీ లేవు. మీ పేటలో కార్పొరేషను ఆరోగ్య కేంద్రానికి పోయి, "పేషెంటు రాలేరు, ఇంటికొచ్చి చూడాలి" అని పేరు, అడ్రసు రాయించడమే. మాకు మూడో వారం వచ్చారు.

వచ్చినమ్మాయి మొదట వాడి కాళ్లు ముట్టలేదు. "మీరెట్లా విడదీస్తారో చూపించండి అక్కా" అంది. నేను రెండు మడమలూ పట్టి లాగాను. "అందుకే ఇంకా బిగుస్తున్నాయి" అంది. ఒక మోకాలి కింద అరచెయ్యి పెట్టి, ముందు మడిచి, తొడను మెల్లగా బయటికి తిప్పి, అట్లాగే పట్టుకుని ముప్పై లెక్కపెట్టింది. కత్తెర దానంతటదే విడిపోయింది. ఇన్నేళ్లూ నేను వాడి కాళ్లతో తాడు లాగే ఆట ఆడుతున్నానన్నమాట. వాళ్లు రోజూ రారు, నేర్పి వెళ్తారు. కాబట్టి వచ్చినప్పుడు మీరూ పక్కనే ఉండి చెయ్యి పెట్టి నేర్చుకోండి, ఫోనులో వీడియో తీసుకోండి.

షోళింగనల్లూరు వైపు ఉండేవాళ్లు విళుదుగళ్ సెంటరుకు కూడా పోయి అడగండి. విళుదుగళ్ అంటే మర్రి ఊడలు. థెరపీ, కాగితాల పనులు ఒకేచోట చూస్తారు. మాకు దూరం, పోలేదు.

కాగితం ఎక్కడన్నా ఆగితే రసీదు నంబరుతో 1100కి ఫోను చెయ్యండి, ముఖ్యమంత్రి ఫిర్యాదుల నంబరు. కదలకపోతే సోమవారం రాజాజీ సాలైలో కలెక్టరు ఆఫీసుకు పోయి ప్రజల ఫిర్యాదుల రోజున అర్జీ ఇవ్వండి. నేను ఒక్కసారే పోయాను, బీచ్ స్టేషను నుంచి నడిచే దూరమే. అర్జీ తమిళంలో రాసిపెట్టేవాళ్లు బయటే ఉంటారు. మాకు మొదటి దరఖాస్తు నుంచి డబ్బు పడేదాకా, నా తప్పుతో కలిపి, పదకొండు నెలలు పట్టింది.

డబ్బు పడ్డాక కూడా ఏడాదికోసారి మనిషి బతికే ఉన్నట్టు పత్రం ఇవ్వాలి. మరిచిపోతే భృతి ఆగుతుంది. నేను ఆ తేదీని మిషను పక్క గోడమీద చాక్‌తో రాసి పెట్టుకున్నాను.